'బాధపడుతున్న' అనే మాట తీసేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఆటిజం గురించి ఏ వార్త వచ్చినా 'ఆటిజంతో బాధపడుతున్న' అనే మాట తప్పకుండా ఉంటోంది. బొమ్మలు బాగా వేసే అబ్బాయి గురించి రాసినా అదే, బడిలో చేర్చుకోని పాప గురించి రాసినా అదే. ఆటిజం అంటే మెదడు పుట్టుకతోనే కొంచెం వేరే తీరులో పనిచేయడం. నాకు 41 ఏళ్లు, ఆటిజం ఉందని తెలిసింది 36వ ఏట. నేను బాధపడిన మాట నిజమే. దేనివల్ల బాధపడ్డానో మాత్రం నన్నే చెప్పనివ్వండి.

ట్యూబులైటు సన్నగా జుమ్మంటూ ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అది నాకు వినిపిస్తుంది. పక్కవాళ్లు దాన్ని అసలు పట్టించుకోరని చాలా ఏళ్లు తెలియలేదు. క్లాసులో ఆ చప్పుడూ, ఫ్యాను చప్పుడూ, వెనక బెంచీ గుసగుసలూ, టీచరు గొంతూ అన్నీ ఒకే మోతాదులో చెవిలో పడేవి, అందులోంచి టీచరు మాటలు ఏరుకునేసరికే నా ఓపికంతా అయిపోయేది. చెవులు మూసుకుంటే పొగరన్నారు. నేల చూస్తూ వింటే 'నా కళ్లలోకి చూడు' అన్నారు. కళ్లలోకి చూస్తే నాకు మాట బుర్రకెక్కదు, రెండూ ఒకేసారి చేయలేను, కానీ ఆ వయసులో ఈ ముక్క చెప్పడం ఎలాగో తెలియదు. అందుకని ఎదుటివాళ్ల కనుబొమల మధ్య చూడడం అలవాటు చేసుకున్నాను, పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వడం నేర్చుకున్నాను. దీన్నే మాస్కింగ్ అంటారని తర్వాతెప్పుడో చదివాను. ఉద్యోగంలో చేరాక రోజంతా అలా నెట్టుకొచ్చి, ఇంటికి రాగానే లైటు తీసేసి పడుకుంటే రాత్రి దాకా ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయేదాన్ని.

ఇంత ఆలస్యం ఎందుకైందని అడుగుతుంటారు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలో ఉన్న 11 మంది పిల్లల్లో ముగ్గురే ఆడపిల్లలు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇది మగపిల్లల సంగతే అన్నట్టు చూశారు, పైకి సర్దుకుపోయే అమ్మాయిలు ఎవరి కంటికీ ఆనలేదు. శబ్దాలు, వెలుతురు, స్పర్శ విషయంలో మాకుండే తేడాని అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో లక్షణంగా స్పష్టంగా చేర్చింది 2013లో. అంతకుముందే తల్లుల ప్రేమ చాలకే పిల్లలు ఇలా అయ్యారని దశాబ్దాల పాటు అన్నారు, ఆ నిందతో ఎంతమంది తల్లులు కుమిలిపోయారో. 1998లో టీకాలతో ముడిపెట్టి వచ్చిన పరిశోధనని 2010లో దాన్ని అచ్చువేసిన వైద్య పత్రికే వెనక్కి తీసుకున్నా, ఆ భయం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

మొన్నీమధ్య జరిగింది చెబుతాను. మా బంధువుల అబ్బాయికి 13 ఏళ్లు, మాటలు లేవు, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి తనకేం కావాలో చెబుతాడు. ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో గంటన్నర కూర్చోబెట్టారు, గోడకున్న టీవీ గట్టిగా మోగుతూనే ఉంది. వాడు ట్యాబ్‌లో 'చప్పుడు' అనే బొమ్మ మళ్లీ మళ్లీ నొక్కాడు, వాళ్లమ్మ వెళ్లి టీవీ తగ్గించమని అడిగింది, ఎవరూ కదల్లేదు. ఇక తట్టుకోలేక నేల మీద పడి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టూ జనం మూగారు, ఇద్దరు వీడియో తీశారు, 'నాలుగు తగిలిస్తే దారికొస్తాడు' అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. అది మొండితనమూ కాదు, అల్లరీ కాదు. ఏదో ఇస్తే మానేసే ఏడుపు కాదు అది, మెల్ట్‌డౌన్ అంటారు, మెదడు మోయలేనంత మోసి చేతులెత్తేయడం. చివరికి శుభ్రం చేసే ఆవిడ వచ్చి టీవీ ఆపేసి, అందర్నీ దూరంగా జరగమంది. కాసేపటికి వాడు లేచి కూర్చున్నాడు. ఆవిడ ఎక్కడా ట్రైనింగ్ తీసుకోలేదు, 'బాబుకి ఏం చేస్తే బాగుంటుందమ్మా' అని తల్లిని అడిగింది, అంతే.

న్యూరోడైవర్సిటీ అనే మాట 1990ల్లో ఆటిజం ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుండగా పుట్టింది. మెదళ్లు రకరకాలుగా ఉంటాయి, అన్నింటికీ చోటు ఉండాలి అని దాని అర్థం. సాయం అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఇరవైనాలుగు గంటలూ పక్కన మనిషి ఉండాల్సినవాళ్లు ఉన్నారు, మూర్ఛలతో, నిద్రలేమితో నిజంగానే నలిగిపోయేవాళ్లున్నారు, వాళ్ల అమ్మానాన్నల అలసట నాకు తెలుసు. కానీ మారాల్సిందంతా ఆ పిల్లాడే మారాలని అందరూ అనుకోవడం నాకు మింగుడు పడదు. తనకీ ఆటిజం ఉన్న డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో ఇదే రాశారు: మేము మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోతున్నట్టే మీరూ మమ్మల్ని అర్థం చేసుకోలేకపోతున్నారు, తప్పు ఒకవైపే వెతకడం ఎందుకు అని.

మా ఆఫీసులో నాకోసం చేసింది చాలా కొంచెం. ప్రింటరుకి దూరంగా సీటిచ్చారు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏమీ అనరు, మీటింగులో ఏం మాట్లాడతారో ముందురోజే రాసి పంపిస్తారు. అలా రాసి పంపడం మొదలుపెట్టాక ధ్యాస నిలపడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ ఉన్న మా సహోద్యోగికి కూడా పని తేలికైంది, ఇంకా చాలామంది అదే బాగుందంటున్నారు. నేను రాత్రిళ్లు మాట్లాడగలుగుతున్నాను.

'ఆటిజం ఉన్న' అని రాయండి, సరిపోతుంది. ఇంకో మాట కూడా అడగాలి. ఏటా ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినానికి, మీరు వేసే వ్యాసాల్లో వైద్యులుంటారు, తల్లిదండ్రులుంటారు, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఒక్కరూ కనిపించరు. వచ్చేసారి మమ్మల్నీ అడగండి. ఫోన్ చేస్తే నాకు టెన్షన్ వచ్చి సగం మాటలు మింగేస్తాను, ప్రశ్నలు రాసి పంపితే మాత్రం ప్రతిదానికీ తీరిగ్గా జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు