ముద్ర చూడకుండా కరిగించకండి

సంపాదకుడు గారికి,

వెండి ధర పెరిగినప్పుడల్లా పత్తర్‌గట్టి నుంచి సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా పాత సామాను కరుగుకు వచ్చి పడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ కొని తెచ్చిన పాత వడ్డన గరిటెలు కూడా పట్టీలు, కుంకుమ భరిణెలతో కలిసి తూకానికి పోతున్నాయి. పనితనం ఉన్న గరిటెకు తూకం ధర కట్టడం అన్యాయం.

ముందు కాడ వెనక ముద్ర కోసం భూతద్దం పెట్టి చూడండి. సింహం, లంగరు, 'జి' అక్షరం వరసగా ఉంటే అది అమెరికాలో ఒకప్పుడు ప్రావిడెన్స్ నగరంలో నడిచిన గోరమ్ అనే వెండి సామాను సంస్థ సరుకు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరపు హాల్‌మార్క్ గుర్తు కూడా లంగరే కాబట్టి, దాన్ని చూసి అక్కడిదని పొరబడతారు. ఇంగ్లండ్ సింహం ఎడమవైపు నడుస్తుంది, గోరమ్ సింహం కుడివైపు. నూటికి 92.5 పాళ్ల స్టెర్లింగ్‌కు న్యూయార్క్‌కు చెందిన టిఫనీ సంస్థ 1851లో, గోరమ్ 1868లో మారాయి. అంతకుముందు అమెరికా సామానులో ఎక్కువగా వాడింది 90 పాళ్ల వెండి. దాని మీద చాలాసార్లు కంసాలి పేరు ఒక్కటే ఉంటుంది. అక్కడ దేశమంతటికీ ప్రభుత్వ హాల్‌మార్క్ లేదు కాబట్టి, ముద్రలు తక్కువని నకిలీ అనేయకూడదు.

'1847 రోజర్స్ బ్రదర్స్' అని ఉంటే మాత్రం ఆశపడొద్దు. అది తయారైన ఏడాది కాదు, పేరులో భాగం, సరుకు వెండిపూత. గరిటె బల్లకు ఆనే చోట పూత అరిగి, అడుగు లోహం రంగు తేలుతుంది. కొవ్వొత్తి స్తంభాల అడుగున 'వెయిటెడ్' అని ఉంటే పైన పలచని వెండి రేకే, బరువంతా లోపల పోసిన గుగ్గిలం లాంటి పదార్థానిది. వాటిని మరిగే నీళ్లలో వేస్తే ఆ ముద్ద మెత్తబడి లోపలే కదిలిపోతుంది.

అమ్మే ముందు టూత్‌పేస్టుతో తోమడం, బఫింగ్ మిషన్‌కు (మెరుగు పెట్టే యంత్రానికి) ఇవ్వడం అసలు వద్దు. ముద్ర అంచులు అరిగిపోతాయి, పువ్వుల చెక్కుడు సందుల్లోని నలుపు పోయి పనితనం చదునుగా కనిపిస్తుంది. గోరువెచ్చని కుంకుడు రసంతో కడిగి మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే చాలు. ఉప్పు, పచ్చడి తగిలితే వెంటనే కడగాలి. రబ్బరు బ్యాండుతో కట్టి దాచితే అందులోని గంధకానికి నల్ల చార పడుతుంది.

దుకాణదారులకు ఒక విన్నపం. వెండి అవునో కాదో చూడటానికి ఆకురాయితో గీసి యాసిడ్ చుక్క వేయాల్సి వస్తే ముద్రకు దూరంగా, కనపడని చోట వేయండి. కరిగించే ముందు ముద్రను యజమానికి చూపించి, రసీదులో రాసివ్వండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్