చెన్నై జనవరి సమావేశం జమాఖర్చులు: కూలి నష్టం పద్దుపై నిర్వాహక సమితి వివరణ

చెన్నై, 2026 మార్చి 1

ఈ ఏడాది జనవరి 3, 4 తేదీలలో చెన్నైలో జరిగిన దక్షిణాది యువ స్త్రీవాదుల సమావేశానికి చందాలు ఇచ్చిన దాతలకు, వచ్చి పాల్గొన్న అక్కచెల్లెళ్లకు, రాలేకపోయినా బియ్యం మూటలు పంపిన వారికి నిర్వాహక సమితి నమస్కారాలు. నెల తిరిగేలోగా లెక్కలన్నీ అందరి ముందు పెడతామని ఆదివారం సాయంత్రం మైకులోనే మాట ఇచ్చాము. ఆ మాట నిలుపుకోలేక ఎనిమిది వారాలు తీసుకున్నందుకు ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాము. ఈలోగా లెక్కలు ఎందుకు బయటపెట్టడం లేదని కొందరు ఫోన్లు చేసి అడిగారు, కొందరు మమ్మల్ని అడగకుండా ఇతరులను అడిగారు. పని మానుకుని వచ్చిన వారికి పోయిన కూలి ఇచ్చిన పద్దు మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది కాబట్టి, ఎవరు ఎలా అడిగినా అన్నిటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాము.

ముందు జమ. వ్యక్తిగత చందాలు 143 మంది నుంచి 1,86,400 రూపాయలు. అందులో పెద్దది ఒకరు ఇచ్చిన 10,000, చిన్నది సూళ్లూరుపేట విద్యార్థిని ఒకరు ఫోన్‌పేలో పంపిన 50. ఉద్యోగాలు చేస్తున్న 46 మంది తలా 500 చొప్పున కట్టిన ప్రవేశ రుసుము 23,000. హాల్లో గుడ్డ సంచి తిప్పినప్పుడు పడినవి 18,650. పాత పుస్తకాలు, పాత చీరలతో కుట్టిన సంచులు అమ్మగా వచ్చినవి 12,300. మొత్తం జమ 2,40,350 రూపాయలు. ఏ పార్టీ నుంచీ, ఏ కంపెనీ నుంచీ, విదేశాల్లోని ఏ సంస్థ నుంచీ రూపాయి తీసుకోలేదు. మా బృందానికి రిజిస్ట్రేషన్ లేనందువల్ల ఇద్దరు సభ్యుల పేర జాయింటు ఖాతా తెరిచాము. ఇద్దరి సంతకాలూ పడితేనే డబ్బు బయటికి వస్తుంది.

ఇక ఖర్చు. రెండు రోజులకు హాలు అద్దె 36,000. భోజనాలకు 58,740, బియ్యం, కందిపప్పు ఉచితంగా అందినందువల్లనే ఇంతలో సరిపోయింది, వండినవారు వ్యాసర్పాడి స్వయం సహాయక బృందం ఆడవాళ్లు. పై ఊళ్ల నుంచి వచ్చిన 38 మందికి రెండు రాత్రుల బసకు 26,600. ప్రయాణాలకు 31,860, ఇందులో రాత్రి తొమ్మిది దాటాక ఇళ్లకు చేర్చిన ఆటోల బాడుగ 8,900. చెన్నైలో సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్లకు 2021 నుంచి టికెట్ లేదు. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఉచితమే అయినా రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు కనుక, నెల్లూరు అక్కలు సూళ్లూరుపేట దాకా ఉచిత బస్సులో వచ్చి, అక్కడి నుంచి లోకల్ రైలెక్కి చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్‌మార్కెట్‌లో దిగారు. మా ఖర్చు తగ్గాలని వాళ్లంతట వాళ్లే వేసుకున్న దారి అది. పిల్లల గదికి 6,350. బ్యానరు గుడ్డ, పోస్టర్లు, నోటు పుస్తకాలకు 9,480. మందులు, శానిటరీ నాప్‌కిన్లకు 2,140. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మధ్య అప్పటికప్పుడు అనువాదం వినిపించడానికి 26,000 అయింది. అందులో 14,000 పరికరాల అద్దె, 12,000 నలుగురు అనువాదకుల రెండు రోజుల పారితోషికం. ఇంగ్లీషులో జరిపి ఉంటే ఈ ఖర్చు ఉండేది కాదని ఒకరు అన్నారు. నిజమే, అయితే ఇంగ్లీషు రాని వారు రెండు రోజులు చప్పట్లు కొట్టి వెళ్లిపోయేవారు.

హాలు విషయంలో 12,000 రూపాయలు పోయాయి, ఆ తప్పు మాది. మొదట మాట్లాడుకున్నది ఈ హాలు కాదు. నవంబరులో ఒక కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చాము. సమావేశం ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, ట్రాన్స్ మహిళలు కూడా పాల్గొంటారని పోస్టరులో చూసిన యజమాని, మండపం ఇవ్వనని ఫోనులో చెప్పేశారు. వాళ్లను తప్పిస్తే ఇస్తారేమోనని మధ్యవర్తి ఒకరు సూచించారు. సమితిలో ఎవరమూ దానికి ఒప్పుకోలేదు, రేపు ఇలాంటి పరిస్థితే వచ్చినా ఒప్పుకోము. కానీ అడ్వాన్సు ఇచ్చిన రోజున సరైన రసీదు తీసుకోకుండా, రద్దయితే డబ్బు తిరిగి ఇవ్వాలన్న మాట లేని తెల్లకాగితం చీటీతో సరిపెట్టుకోవడం మా అజాగ్రత్త. మూడుసార్లు వెళ్లి అడిగాము, ఇవ్వలేదు.

ఇక అందరూ అడుగుతున్న పద్దు: కూలి నష్టం కింద 34 మందికి ఇచ్చిన 39,700 రూపాయలు. పార్టీల మీటింగులకు తలకింత అని ఇచ్చి లారీల్లో జనాన్ని తోలినట్టు మేము కూడా డబ్బిచ్చి మనుషులను పోగు చేశామని ఒక దాత రాశారు. ఆ మాట మమ్మల్ని ఎంత నొప్పించిందో దాచుకోము. అయినా కోపం తెచ్చుకోకుండా, ఆ డబ్బు ఎవరికి, ఏ లెక్కన ఇచ్చామో రాస్తున్నాము.

రెండు రోజులు పని మానితే చేతికొచ్చే డబ్బు తెగిపోయే వారికి, తెగిన మేరకు మాత్రమే ఇవ్వాలని డిసెంబరులోనే నిర్ణయించాము. ఇళ్లలో పని చేసే తొమ్మిది మందికి రోజుకు 400 చొప్పున 7,200. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు ఎనిమిది మందికి రోజుకు 700 చొప్పున 11,200. ఇంట్లో కుట్టుపని చేసి పీసుకింత అని తీసుకునే ఆరుగురికి రోజుకు 500 చొప్పున 6,000. మిగిలిన 11 మంది బట్టల కొట్లలో నిలబడి అమ్మే అమ్మాయిలు. వీరి రోజు జీతం 450 రూపాయలు. పొంగల్ సీజనులో శని, ఆదివారాలు సెలవు పెడితే ఒక్కో రోజుకు రెండు రోజుల జీతం కోస్తారని వాళ్లు చెప్పారు. అందుకని రెండు రోజులూ వచ్చిన ఏడుగురికి 1,800 చొప్పున, ఆదివారం మాత్రమే రాగలిగిన నలుగురికి 900 చొప్పున, మొత్తం 16,200 ఇచ్చాము. అన్నీ కలిపితే 40,600 అవుతుంది. పద్దులో 39,700 ఉండడానికి కారణం, కొట్లో పనిచేసే ఒక చెల్లెలు నెల జీతం అందుకున్నాక, యజమాని తనకు రెట్టింపు కోత వేయలేదని చూసుకుని, 900 రూపాయలు ఒక కవరులో పెట్టి సమితి సభ్యురాలి ఇంటికి తెచ్చి ఇచ్చి వెళ్లింది. డబ్బు కోసం వచ్చిన మనిషి అలా చేస్తుందా అన్నదే మా ప్రశ్న.

ఆ అమ్మాయిలు లేకుండా ఆ సమావేశం జరపడంలో అర్థం ఉండేది కాదు. శనివారం ప్రధాన చర్చ కూర్చునే హక్కు గురించి. కోళికోడ్‌లోని మిఠాయి తెరువు అనే బజారు వీధి కొట్లలో పని చేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడిన తరువాత కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా కొట్లలో పని చేసేవారికి కూర్చునే వసతి ఉండాలని చట్టం చేసింది. చట్టం వచ్చాక కొట్లో నిజంగా స్టూలు పడిందా, పడితే దాని మీద కూర్చోనిస్తున్నారా అన్నది చెప్పవలసింది పొద్దున పది నుంచి రాత్రి పది దాకా కౌంటరు వెనక నిలబడే మనిషి. కోళికోడ్ నుంచి వచ్చిన అక్క మలయాళంలో మాట్లాడుతుంటే, టి.నగర్ కొట్లో పనిచేసే అమ్మాయి చెవిలో తెలుగు వింటూ మధ్యలో లేచి, ‘మా కొట్లో స్టూలు ఉంది, దాని మీద చీరల కట్టలు పెడతారు’ అని చెప్పింది. మాకు అనువాదం ఖర్చు, కూలి ఖర్చు రెండూ ఆ ఒక్క క్షణంలో చెల్లాయి.

ఇంకొక పెద్దావిడ, మా అందరికీ గౌరవనీయురాలు, మరో రకంగా అడిగారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఇదే ఊళ్లో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు వచ్చినవారికి డబ్బు పంచారా, 1992లో సారా వద్దని కదిలిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఎవరు కూలి కట్టించారు అన్నది ఆమె ప్రశ్న. దుర్గాబాయి సభ కూడా ఆడవాళ్లకు చదువు చెప్పి, పని నేర్పి, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడేలా చేసిన సభే. దూబగుంట గురించి మాకంటే బాగా జవాబు చెప్పినది నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క. సారా వేలం పాటలు ఆపడానికి వెళ్లిన రోజుల్లో తన తల్లికి కూలి లేదని, ఆ రాత్రుళ్లు ఇంట్లో గంజి తాగి పడుకున్నామని, ఆ కష్టాన్ని అమ్మ ఇష్టంతో పడిందే కానీ పడి తీరాలని ఎవరూ అనకూడదని ఆమె చెప్పింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ గెలుపు వెనక ఎన్ని ఇళ్లలో గంజి కాచుకున్నారో ఏ లెక్కల్లోనూ రాయలేదు. మా లెక్కలో రాశాము.

పొరపాటు వేరే చోట ఉంది, అది ఒప్పుకుంటున్నాము. జనవరి 3 సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు అని, శనివారం కూడా కలిసి వచ్చిందని సంతోషపడి తేదీ ఖాయం చేశామే కానీ, పొంగల్‌కు పది రోజుల ముందు కొట్లలో పనిచేసే వారికి సెలవు దొరకదన్న ఆలోచన మాకు రాలేదు. తేదీ అచ్చయ్యాక ఆ అమ్మాయిలే చెప్పారు. ఫిబ్రవరిలో పెట్టి ఉంటే రెట్టింపు కోత ఉండేది కాదు, 16,200లో దాదాపు సగం మిగిలేది, ఇంకా చాలామంది వచ్చేవారు. ఇకపై పొంగల్, దీపావళి, తమిళుల ఆడి నెల తగ్గింపు అమ్మకాల రోజుల్లో సమావేశాలు పెట్టమని తీర్మానం రాసుకున్నాము.

పేర్ల జాబితా బయటపెట్టమని అడుగుతున్నారు. అది చేయలేము. ఆ 34 మందిలో కొందరు ఒంట్లో బాగాలేదని, ఊరికి వెళ్తున్నామని చెప్పి వచ్చారు. కొట్టు యజమాని చేతిలో ఆ జాబితా పడితే వారి ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు పనిలో ఉన్నవారి సంగతి ఇంకా సున్నితం: 2025 ఆగస్టులో నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు పదమూడు రోజులు కూర్చున్న పారిశుద్ధ్య కార్మికులను అర్ధరాత్రి ఎత్తి తీసుకుపోవడం ఈ ఊరు చూసింది. అలాగని లెక్కను మేము మా దగ్గరే దాచుకోలేదు. పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి, ఒక న్యాయవాది, తిరుపతి కాలేజీ అధ్యాపకురాలు, సమితితో సంబంధం లేని ఈ ముగ్గురినీ ఫిబ్రవరి 15న కూర్చోబెట్టి రిజిస్టరు చూపించాము. వాళ్లు తమకు తోచిన ఎనిమిది మందికి మేము లేనప్పుడు ఫోను చేసి, డబ్బు అందిందా, ఎంత అందింది అని అడిగారు. లెక్క సరిపోయిందని ముగ్గురూ రాసి ఇచ్చిన కాగితం మా దగ్గర ఉంది. ఈ ముగ్గురికీ కుదిరే రోజు దొరకకపోవడమే ఆలస్యానికి ముఖ్య కారణం.

రిజిస్టరులో ప్రతి వరుసలోనూ పని, పోయిన రోజులు, మొత్తం, సంతకం లేదా వేలిముద్ర ఉన్నాయి. కుట్టుపని చేసే ఒక అమ్మాయి ఇంకు ప్యాడు పక్కకు నెట్టి సంతకమే పెడతానని, పేరులో మూడు అక్షరాలు తెలుగులో, తెలుగులో రాని రెండు అక్షరాలు తమిళంలో రాసింది. ఇక్కడి బళ్లలో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తరువాత చదువుకున్న మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అందుకే ఈ వివరణకు తమిళ ప్రతి కూడా సిద్ధం చేస్తున్నాము.

మొత్తం ఖర్చు 2,48,870 రూపాయలు. జమ కంటే 8,520 ఎక్కువ. ఆ మొత్తాన్ని సమితి సభ్యులు నలుగురు చేబదులుగా సర్దారు. పరికరాలు అద్దెకు ఇచ్చిన తమ్ముడు తన డబ్బు కోసం ఫిబ్రవరి చివరి దాకా ఆగవలసి వచ్చింది. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు, అతనికి కృతజ్ఞతలు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. చందా ఇస్తామని పేరు రాయించుకుని, ఇంతవరకు ఇవ్వని వారు తొమ్మిది మంది, వారి మాట విలువ 41,500 రూపాయలు. పేర్లు బయట పెట్టడం లేదు. ఆ మాటలను నమ్ముకునే హాలు, బస, బళ్లు మాట్లాడాము. ఇబ్బందుల్లో ఉన్నవారు చెబితే ఆ క్షణమే పేరు తీసేస్తాము, మరో మాట అనము. ఇవ్వగలిగిన వారు మార్చి 31 లోగా పంపితే చేబదులు తీరి, ఇంకా 32,980 నిల్వ ఉంటుంది. అది వచ్చే సమావేశంలో కూలి నష్టం పద్దుకే కేటాయిస్తామని ఇప్పుడే చెబుతున్నాము.

పేర్లు కనబడకుండా కట్టిన రిజిస్టరు నకలు, మిగతా ఓచర్లు, బ్యాంకు పాసు పుస్తకం మార్చి నెలలో ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కోశాధికారి ఇంట్లో చూడవచ్చు; రావాలనుకునే దాతలు చందా రసీదు మీద ఉన్న నంబరుకు ఒక రోజు ముందు చెబితే చాలు. పిల్లల గదికి కొన్న 11 చాపలు, బొమ్మల పెట్టె అక్కడే భద్రంగా ఉన్నాయి. తమ ఊళ్లో ఇలాంటి సమావేశం పెట్టుకునే వారు ఎవరైనా తీసుకుపోవచ్చు.

ఇట్లు,
నిర్వాహక సమితి