మిట్టమధ్యాహ్నం నీడ ఉంటుంది, ముందు జవాబుల కీ దిద్దండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా మండలం ప్రాథమిక పాఠశాలల పిల్లలు సైన్సులో వెనకబడ్డారని వార్త వేశారు. మార్కుల శాతాలు ఇచ్చారు. అధికారులు ఆందోళన పడుతున్నారని, టీచర్లకు మెమోలు ఇస్తారని కూడా రాశారు. అసలు ప్రశ్నపత్రం ఎలా ఉందో మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. నేను చూశాను. చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా పక్కింటి పాప ఐదో తరగతి చదువుతోంది. దిద్దిన పేపరు పట్టుకొచ్చి, "మాస్టారండీ, నేను కొలిచిందే రాశానండీ, ఇంటూ పెట్టేశారండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బిట్టు ఇది: మిట్టమధ్యాహ్నం నీడ ఎలా ఉంటుంది? పాప "అతి చిన్నగా ఉంటుంది" అన్నదానికి టిక్కు పెట్టింది. కీలో మాత్రం "ఉండదు" అని ఉందట.

ఈ పిల్ల ఊరికే ఊహించి రాయలేదు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి సెలవు వచ్చినప్పుడల్లా మా పెరట్లో మీటరు కర్ర నిలువుగా పాతి, ఎండ ఉంటే పన్నెండింటికి నీడ కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటోంది. జూన్ నెలాఖరులో పన్నెండు సెంటీమీటర్లు వచ్చింది. జులై మధ్యకి తొమ్మిదికి తగ్గింది. ఇంకో సంగతి కూడా తనే కనిపెట్టింది. నీడ ఉత్తరానికి కాదు, దక్షిణానికి పడుతోంది. మన రాజోలు, అమలాపురం, నరసాపురం అన్నీ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. మే 6 ప్రాంతంలో సూర్యుడు మన నడినెత్తి మీదుగా దాటి ఉత్తరానికి పోతాడు, మళ్లీ ఆగస్టు 6, 7 తేదీల్లో నెత్తిమీదకి తిరిగొస్తాడు. ఏడాదిలో కర్ర కింద నీడ మాయమయ్యేది ఈ రెండుసార్లే. ఈ రెండు తేదీల మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా తొమ్మిది నెలలూ ఉత్తరానికి. డిసెంబరు 22న అదే మీటరు కర్రకి మధ్యాహ్నం పూట ఎనభై నాలుగు సెంటీమీటర్ల నీడ ఉంటుంది. అంత నీడని పట్టుకుని "ఉండదు" అంటే ఎలా? కీ తయారుచేసినవారు ఒక్క రోజు బయటికి వచ్చి తమ కాళ్ల దగ్గర చూసుకున్నా ఈ తప్పు జరిగేది కాదు.

అదే పేపర్లో ఇంకో బిట్టు: ఉన్ని దుప్పటి వేడిని ఇస్తుంది, తప్పా ఒప్పా? కీలో ఒప్పు అని ఇచ్చారు. దుప్పటి వేడిని ఎక్కణ్ణుంచి ఇస్తుందండీ? మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఇది మన డెల్టా పిల్లలకి చెప్పాల్సిన పని కూడా లేదు. రేవులో ఐసు దిమ్మలు కరగకుండా ఊకలో, గోనెసంచుల్లో కప్పి పెడతారు. రొయ్యలు ఐసు వేసి థర్మాకోల్ పెట్టెల్లో ఎగుమతికి పోతాయి. ఊక వేడిని ఇచ్చేదైతే ఐసు ఎప్పుడో నీళ్లయిపోయేది. వేడి అటునుంచి ఇటు రాకుండా అడ్డుపడేదే ఇటునుంచి అటు పోకుండానూ అడ్డుపడుతుంది. చేపల రేవు పక్కనే పుట్టి పెరిగిన పిల్లవాడు ఇది చూసి తప్పు అని రాస్తే మార్కు పోయింది.

పాపని వెంటబెట్టుకుని బడికి వెళ్లాను. అక్కడి టీచరమ్మ చాలా మంచి మనిషి. "నిజమే మాస్టారూ, నాకూ తెలుసు. కానీ కీ పైనుంచి వచ్చింది, మార్కులు యాప్‌లో ఎక్కించేశాం, ఇక మార్చడానికి లేదు" అంది. పై ఆఫీసుకి ఫోన్ చేశాను. కీ ప్రకారమే దిద్దాలన్నారు. కీ తప్పండీ అంటే, రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇచ్చి పన్నెండు రోజులైంది, ఒక్క ముక్క జవాబు లేదు. ఈలోగా మీ పత్రికలో పిల్లలు వెనకబడ్డారని వచ్చేసింది.

నేను ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక బడుల్లోనే పనిచేసి దిగాను. మా రోజుల్లో అంతా బాగుండేదని అనను. బెంచీలు లేవు, వాన పడితే పాఠం లేదు. కానీ నీడ పాఠం చెప్పాలంటే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు టీచర్లకి ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడంతోనే సగం పొద్దు పోతోంది. మొన్న ఒక బడిలో చూశాను. తెర సరిగ్గా కనపడాలని కిటికీలు మూసేసి, డిజిటల్ బోర్డు మీద సూర్యుడి బొమ్మ, చెట్టు బొమ్మ, దాని నీడ బొమ్మ చూపిస్తున్నారు. గుమ్మం బయట నిజమైన వేపచెట్టు, నిజమైన ఎండ, నిజమైన నీడ ఉన్నాయి. ఆ బోర్డు వద్దని కాదు, గుండెకాయ ఎలా కొట్టుకుంటుందో దాని మీద చూపించండి. నీడకి అదెందుకు?

మన ముసలి రైతులు గడియారం లేకుండా తమ నీడని అడుగులతో కొలిచి పొద్దు చెప్పేవారు. మా తాతగారు చెబితే పది నిమిషాలు కూడా తేడా వచ్చేది కాదు. అన్నవరం కొండమీద నీడ గడియారం ఉంది. వ్రతానికి వెళ్లినవాళ్లలో ఎంతమంది పిల్లలకి దాన్ని చూపిస్తున్నారు? శంకుస్థాపన అనే మాటలో ఉన్న శంకువు కూడా దిక్కులు తేల్చడానికి పాతి నీడ చూసే మేకే. ఎన్నో బడులకి శంకుస్థాపనలు చేశాం, ఆ మేకు నీడ గురించి అడిగితే పిల్లలకి తప్పు జవాబు నేర్పిస్తున్నాం.

దేశం మొత్తానికి గంట నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గర్లోనే పోతుంది. అందుకే మన చేతి గడియారంలో పన్నెండుకి కొద్ది నిమిషాలు అటూ ఇటూగా నిజంగా మిట్టమధ్యాహ్నం అవుతుంది. ద్వారకలో ఉన్న పిల్లలు అందుకోసం దాదాపు ఒంటిగంట దాకా ఆగాలి. ఇంత అనుకూలమైన చోట ఉండి మన పిల్లలు ఈ సంగతిని కంటితో చూడకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ రెండు బిట్లకీ కీ మార్చి, సరిగ్గా రాసిన పిల్లలందరికీ మార్కులు కలపాలి. మీరు కూడా ఆ వార్త వేసిన చోటే ఈ విషయం వెయ్యాలి. ఇక ఆగస్టు 6న మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాలకి ప్రతి బడి ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతి పిల్లల్ని చుట్టూ నిలబెట్టాలి. ఎండదెబ్బ తగులుతుందన్న టెన్షన్ అక్కర్లేదు, రెండు నిమిషాల పని. ఆ రోజు మబ్బు పడితే 7న, అప్పుడూ కుదరకపోతే 8న చెయ్యొచ్చు. ఒక్క రోజు తేడాకి మీటరు కర్రకి నీడ అర సెంటీమీటరే పెరుగుతుంది. మా పెరట్లో కర్ర పాతే ఉంది, పక్కింటి పాప నోటుపుస్తకంలో ఆ తేదీకి గడి గీసి ఖాళీగా ఉంచింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు దగ్గరి పల్లె, కోనసీమ