పిల్లల చెయ్యి విరిగితే ముందు వేళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

జీడిమామిడి పళ్లు దిగాయంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పిల్లలు చెట్ల మీదే ఉంటారు. ఆ తరవాత మామిడికాయలు, తాటిముంజలు. ఎముకల వార్డులో పనిచేసేవాళ్లకు ఇది చేతులు విరిగిన పిల్లలు వరసగా వచ్చే కాలం. ఆ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరి పిల్లాడు పడ్డా ముందు మా గుమ్మంలోకే తీసుకొస్తారు. వాళ్లకు చెప్పే మాటే మీ పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం.

చెయ్యి విరిగిందనగానే అందరూ ఎముక గురించే కంగారు పడతారు. పిల్లల ఎముక తొందరగానే అతుక్కుంటుంది. ప్రమాదమంతా కండకీ నరానికీ. అవి పాడవడానికి కొన్ని గంటలు చాలు. ఒకే చేతికి మోచెయ్యి పైన ఒకచోట, ముంజేతిలో ఇంకోచోట విరిగితే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. డాక్టర్లు దీన్ని ఫ్లోటింగ్ ఎల్బో అంటారు. అరుదుగానే వస్తుంది, కానీ వచ్చినప్పుడు ఒక్క పూట ఆలస్యం కూడా పనికిరాదు.

ఒక గుంటడు నాకు బాగా గుర్తు. ఏడేళ్లుంటాయేమో. జీడిచెట్టు మీంచి పడ్డాడు. మణికట్టుకు కాస్త పైన చెయ్యి వంకర తిరిగి కనబడుతోంది కాబట్టి అందరి చూపూ అక్కడే. ఊళ్లో కట్టు కట్టే ఆయన ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టాడు. మోచెయ్యి కూడా వాచిందంటే దెబ్బ వాపే అన్నాడట. రాత్రంతా పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. "కట్టు కట్టినాక నొప్పుంటాది, ఓర్సుకోవాల" అని పెద్దవాళ్లు సముదాయించారు. తెల్లారి మా దగ్గరికి వచ్చేసరికి ఏడ్చే ఓపిక కూడా లేదు. నొప్పి తగ్గింది కాబోలని తల్లి కాస్త కుదుటపడింది. నాకు మాత్రం ఆ వేళ్లు చూడగానే గుండె ఝల్లుమంది. ఉబ్బిపోయి, మైనంలా పాలిపోయి, సగం ముడుచుకుని ఉన్నాయి. చూపుడువేలు కొస పట్టుకుని కొంచెం చాపబోతే గావుకేక పెట్టాడు. కట్టు కత్తిరిస్తుంటే చర్మం మీద గుడ్డ ముద్ర గాడి పడినట్టు కనిపించింది. ఎక్స్‌రేలో మోచెయ్యి పైన ఎముక పూర్తిగా పక్కకు జరిగి ఉంది, ముంజేతిలో రెండు ఎముకలూ విరిగి ఉన్నాయి. వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లి, ముంజేతి కండల మీది పొర కోసి ఒత్తిడి వదిలించి, ఎముకలు సరిచేసి, కదలకుండా సన్నటి వైర్లు వేశారు. చెయ్యి దక్కింది. వేళ్ల పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. తరవాత ఓపీకి వచ్చినప్పుడు కూడా చొక్కా గుండీ తల్లే పెట్టేది.

పడేటప్పుడు పిల్లలు చెయ్యి చాపి నేలకు ఆనిస్తారు. బరువంతా మోచెయ్యి మీద పడుతుంది. 5 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో మోచెయ్యికి కాస్త పైన ఎముక పల్చగా ఉంటుంది, అక్కడే విరుగుతుంది. ఎత్తు ఎక్కువైతే ముంజెయ్యి కూడా విరుగుతుంది. విరిగిన పై ముక్క ముందుకు పొడుచుకొచ్చే చోటే చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, ముఖ్యమైన నరం ఉంటాయి. కింద ముంజేతి కండలు గట్టి పొరల మధ్య ఉంటాయి. లోపల వాపు పెరిగితే ఆ పొర సాగదు. ఒత్తిడికి రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. దానిమీద బిగుతు కట్టు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! బిగుతు కట్ల వల్ల చేతులు ఇలా కొంకర్లు పోతున్నాయని వోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే రాశాడు. ఆ పేరు చెప్పుకునే జబ్బు ఈ కాలంలో మన పల్లెల్లో పిల్లలకు రావడమంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంట్లో ఎవరైనా చూసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. పిల్లాడి చేత పిడికిలి పట్టించండి, అరచెయ్యి చాపించండి, రెండు వేళ్లు కత్తెరలా విడదీయించండి, చివరగా బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. ఆటలా చెబితే ఏడుస్తూ కూడా చేస్తారు. వీటిలో ఏది చేయలేకపోయినా నరం సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వేళ్లు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, మందు వేసినా నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా, వేలు కొంచెం చాపితే కేక పెట్టినా ఒక్క నిమిషం ఆగొద్దు. నాడి దొరుకుతోంది కదా అని ఊరుకోకూడదు. నాడి కొట్టుకుంటుండగానే లోపల కండ చచ్చిపోవచ్చు. కట్టు ఉంటే వదులు చేసేయాలి, ఎవరు కట్టినదైనా సరే, పిండికట్టయినా సరే.

సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి శ్రీకాకుళం రావడానికే రెండు గంటలు పడుతుంది. అక్కణ్నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపితే ఇంకో రెండు గంటలు. ఆ దారిలో చేయాల్సింది కొంచెమే. చెయ్యి ఎలా ఉందో అలాగే, లాగకుండా, మడవకుండా, అట్టముక్క మీదో దిండు మీదో ఆనించి వదులుగా కట్టాలి. ఇంకోటి, ఏడుస్తున్నాడని దారిలో బన్ను, టీ పెట్టొద్దు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి, గట్టి ఆహారం తిన్నాక మామూలుగా 6 గంటలు ఆగుతారు. అసలే సమయం లేని పిల్లాడికి ఆ బన్ను వల్ల డాక్టర్లు ఇరకాటంలో పడతారు. డబ్బు భయంతో కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్తున్నామని చాలామంది నాతో అన్నారు. సర్కారు ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.

ఆపరేషన్ అంటే బెంబేలు పడక్కర్లేదు. చాలావరకు పెద్ద కోత లేకుండానే, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, మోచెయ్యి దగ్గర సన్నటి వైర్లు గుచ్చి ఎముకను నిలబెడతారు. ముంజేతిని సరిచేసి కట్టు వేస్తారు, నిలవదనుకుంటే అక్కడా వైరు వేస్తారు. చుట్టూ బిగించే పూర్తి పిండికట్టు కాకుండా ఒకవైపు సగం కట్టు పెట్టి, చెయ్యి ఎత్తులో ఉంచి, ఒకటి రెండు రోజులు వేళ్లు చూస్తూ ఉంటారు. మోచెయ్యి దగ్గరి వైర్లు 3, 4 వారాలకు తీసేస్తారు. తరవాత పిల్లాణ్ని ఆడుకోనివ్వండి, మోచెయ్యి దానంతటదే వంగుతుంది. నూనె రాసి మర్దనా చేయడం, బలవంతంగా వంచడం చేస్తే ఇంకా బిగుసుకుపోతుంది. ఈ విషయంలో అమ్మమ్మలతో ఎంత గొడవ పడ్డానో!

ఊళ్లల్లో కట్టు కట్టే పెద్దలంటే నాకు చిన్నచూపు లేదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చేవాళ్లు వాళ్లే. వాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను: పిల్లల మోచెయ్యి వాచి ఉంటే ముట్టుకోకుండా 108కి ఫోన్ చేయించండి. మీరు పంపితే ఊరు మాట వింటుంది.

పీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రుల వాళ్లకు కూడా ఒక మాట. ముంజెయ్యి విరిగిన పిల్లలకు మోచెయ్యి, మణికట్టు రెండూ పడేలా ఎక్స్‌రే తీయించండి. పెద్దాసుపత్రికి పంపే చీటీలో ఏ టైముకి పడ్డాడు, ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడు, బయల్దేరేటప్పుడు వేళ్లు ఎలా కదిలాయి అన్నవి రాసి పంపండి. అవి లేని చీటీతో రాత్రివేళ పిల్లాడు దిగితే, పిల్లాడు పడినప్పుడే నరం దెబ్బతిందా, దారిలో దెబ్బతిందా అన్నది డ్యూటీ డాక్టరుకు తెలిసే వీలుండదు.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా