పెరట్లో ఆ గూడు ఎవరిదో చూశారా?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఆరో తరగతి పిల్లాడొకడు ఎడమ కన్ను వాచిపోయి బడికి వచ్చాడు. పెరట్లో జామచెట్టుకు వేలాడుతున్నది తేనెపట్టనుకుని రాయి విసిరాడట. "తేనె కోసం మాస్టారూ" అన్నాడు. అది కందిరీగల గూడు. మన పర్లాకిమిడి పిల్లలకు కందిరీగ అన్నా తెలుసు, ఒడియాలో బిరుడి అన్నా తెలుసు. గూడు పోల్చుకోవడమే తెలియదు.

తేనెపట్టు మైనం. కందిరీగ గూడు ఒకరకం కాగితం. ఎండుకర్ర నారను నమిలి, ఉమ్మితో కలిపి కడుతుంది కాబట్టి బూడిదరంగులో ఉంటుంది. చిన్న కాడకు వేలాడుతూ, కింద గదులు తెరిచి కనిపిస్తే అది చిన్న కందిరీగలది. కుండలా చుట్టూ మూసుకుపోయి, ఈగలు ఒక్క కన్నంలోంచే వచ్చిపోతుంటే పెద్ద కందిరీగలది. దాని దరిదాపులకు వెళ్లొద్దు. గోడ మీది మట్టి ముద్దలు కుమ్మరి పురుగువి, అది పట్టుకుంటే తప్ప కుట్టదు. పచ్చి ఆకులు కలిపి కుట్టినట్టుంటే ఎర్రచీమలు. ఆ చీమలతో మన ఒడిశాలోనే మయూర్‌భంజ్‌ జిల్లాలో నూరే చట్నీకి 2024లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు కూడా వచ్చింది!

మనిషి మసలని చోట, ఎత్తున ఉన్న కందిరీగల గూటిని వదిలేయండి. కాయగూరల మొక్కల మీది గొంగళిపురుగుల్ని పట్టుకెళ్లి తమ పిల్లలకు పెడతాయవి. నడిచే దారిలో, నూతి దగ్గర ఉంటే మాత్రం తీయించాల్సిందే. అయితే కర్రకు కిరసనాయిలు గుడ్డ చుట్టి చెట్టెక్కడం వద్దు. నిప్పుతో, ఈగలతో, కొమ్మతో ఒకేసారి పేచీ అది. ఫైర్ స్టేషన్‌కి కబురు చేసి అడగండి. నిజం చెప్పాలంటే ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. మునుపు వాళ్లింట్లో పెద్దలు గూడు కాలుస్తుంటే వాడు పక్కనే నిలబడి చూశాడు.

కుడితే చేతులు విసరకుండా ఇంట్లోకి పరుగెత్తాలి. తేనెటీగైతే ముల్లు వదిలేస్తుంది, వెంటనే గీకి తీసేయాలి. కందిరీగ ముల్లు వదలదు, మళ్లీ మళ్లీ కుడుతుంది. సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. సున్నం, ఉల్లిపాయ అక్కర్లేదు. ముఖం, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. చాలా చోట్ల కుడితే బాగానే ఉన్నాడని ఊరుకోకుండా ఆసుపత్రిలో చూపించాలి. మర్నాడో ఆ తర్వాతో మూత్రం ముదురు రంగులోకి మారితే మూత్రపిండాలకు దెబ్బ తగిలిందేమో చూడాలి.

మన బడిలోనూ బోరింగు వెనక వేపచెట్టుకు పెద్ద కందిరీగలు కుండలాంటి గూడు ఒకటి పెట్టాయి. అది తీయించేదాకా అటువైపు తాడు కట్టాం, పిల్లలు తాగునీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మీ పిల్లలకు ఎప్పుడైనా ఈగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా? అలాగైతే ఆ సంగతి డైరీలో రాసి సోమవారంలోగా పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు