మారింది సిలబసా, కరికులమా?

సంపాదకులకు నమస్కారం.

చదువుల్లో మార్పుల గురించి వార్త వచ్చినప్పుడల్లా మీ పత్రికలో 'పాఠ్య ప్రణాళిక' అనే మాట కనిపిస్తుంది. ఒకరోజు అది సిలబస్‌కు తెలుగు, ఇంకోరోజు కరికులానికి తెలుగు, మరోరోజు డిగ్రీ కోర్సుకూ అదే. తెలుగు పంతులుగా రిటైరైనవాడి చాదస్తం అనుకున్నా సరే, ఒక మాట చెప్పాలి.

నిరుడు మా మనవడి బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేశారు. ఎందుకని అడిగితే 'సిలబస్ పూర్తి కావాలి కదా సార్' అన్నారు. ఆటలు కూడా కరికులమే కదా అంటే, 'కాదు సార్, అవి ఎక్స్‌ట్రా కరికులర్' అన్నారు. ఫీజు రసీదులో మాత్రం ఆ పేరుతో ఒక వరుస ఉంది!

కరికులం లాటిన్ మాట. పరుగెత్తడం అనే క్రియ నుంచి వచ్చింది. పరుగు, పందెంలో ఒక చుట్టు, పందెపు రథం కూడా దాని అర్థాలే. స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయం పత్రాల్లో 1633లోనే అది చదువుకు సంబంధించిన మాటగా కనిపిస్తుంది. చేరిన రోజు నుంచి పట్టా చేతికొచ్చేదాకా విద్యార్థి నడిచే దారంతా కరికులమే. కోర్సు కూడా ఆ పరుగు కుటుంబంలోదే.

సిలబస్ కథ వేరు. పత్రికలవాళ్లు నవ్వుకుంటారేమో, అది అచ్చుతప్పులోంచి పుట్టింది. చుట్టగా చుట్టిన పుస్తకానికి తగిలించే పేరు చీటీని గ్రీకులో 'సిత్తుబా' అనేవారు. రోమన్ వక్త సిసిరో ఉత్తరాల్లోని ఆ మాటను 15వ శతాబ్దపు ముద్రణల్లో తప్పుగా 'సిలబోస్' అని వేశారు. తప్పే నిలబడింది. ఉర్దూ మీడియంలో చదివిన మా బాపు మాత్రం సిలబస్‌ను 'నిసాబ్' అనేవాడు.

ఇక మన ప్రణాళిక. సంస్కృతంలో దానికి మొదటి అర్థం నీళ్లు పోయే కాలువ. గర్భగుడిలోంచి అభిషేకం నీళ్లు బయటికొచ్చే తూమును ప్రణాళం అంటారు. కాకతీయుల చెరువుల కింద బతికిన ఓరుగల్లు వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? పాకాల, రామప్ప, లక్నవరం కింద సేద్యం చేసే ఏ రైతును అడిగినా, ఆయకట్టు ఎన్ని ఎకరాలన్నది ఒక లెక్క, నీళ్లు ఏ కాలువ మీదుగా ఏ మడికి ఎప్పుడు వస్తాయన్నది ఇంకో లెక్క అంటాడు. ఎన్ని పాఠాలు అన్నది ఆ మొదటి లెక్క, అదే సిలబస్. రెండోది కరికులం. పాఠం చెప్పే తీరు, ప్రయోగాలు, పరీక్ష పద్ధతి, ఆటలు, పాటలు అన్నీ అందులోవే.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం కళలను, వ్యాయామ విద్యను బడి చదువులో భాగంగానే చూసింది. 2020 జాతీయ విద్యా విధానమైతే కరికులర్, ఎక్స్‌ట్రా కరికులర్ అంటూ మధ్యలో గట్టి గోడ ఉండొద్దని రాసింది. ఆ గోడ మా మనవడి టైంటేబుల్లో ఇంకా చెక్కుచెదరలేదు.

సిలబస్‌ను సిలబస్ అనే రాయండి, ఊళ్లో అందరికీ తెలిసిన మాటే. తెలుగే కావాలంటే 'పాఠ్యాంశాలు' ఉంది. 'విద్యా ప్రణాళిక'ను కరికులానికి వదిలేయండి. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు మళ్లీ ఇలాంటి వార్తలు వస్తాయి. రెండు పాఠాలు తీసేశారా, చదువు తీరే మార్చారా అన్నది ఈసారైనా శీర్షికలోనే తేల్చండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హన్మకొండ