సరైన జవాబుకు తప్పు గుర్తు వేస్తున్న మీ గణితం యాప్ గురించి ఫిర్యాదు

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా నుంచి,

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఏడు, ఎనిమిది తరగతుల గణితం యాప్‌లో జవాబులు దిద్దే పద్ధతిలోని లోపాలు సరిచేయాలని, లేదా ఫీజు వాపసు ఇవ్వాలని కోరుతూ.

అయ్యా,

మా హైస్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకు నేను లెక్కలు చెబుతాను. ఈ విద్యా సంవత్సరం మొదట్లో మా బడి పూర్వ విద్యార్థులు డబ్బులు పోగుచేసి పిల్లలకు ట్యాబ్‌లు కొన్నారు, మీ యాప్‌కు ఏడాది ఫీజు కట్టారు. అలా డబ్బు ఇచ్చినవాళ్లలో గల్ఫ్‌లో పనులు చేసుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు. మీ కస్టమర్ కేర్‌కు చెప్పిన ప్రతిసారీ యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటున్నారే తప్ప అసలు సంగతి వినడం లేదు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

మాకే ప్రశ్నలు తయారుచేసుకునే వీలుందని మీ ప్రతినిధి చెప్పినప్పుడు నేను చాలా సంతోషించాను. మా పిల్లలకు దశాంశాలు కొత్త కాదు. వరదల రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం ఇంటింటా వినబడుతుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరికకూ రెండోదానికీ మధ్య నీరు ఎన్ని అడుగులు పెరగాలి అని ప్రశ్న పెట్టాను. జవాబు గడిలో 2.00 అని నమోదు చేశాను. క్లాసులో దాదాపు అందరూ 2 అని రాశారు. అందరికీ ఎర్ర గుర్తు పడింది.

అప్పుడు అర్థమైంది, మీ యాప్ విలువను చూడటం లేదు, అక్షరాలు పోల్చి చూస్తోందని. ఆ తర్వాత మీరు ఇచ్చిన ప్రశ్నల్లోనూ ఇదే కనబడింది. వ్యాసార్థం 7 సెం.మీ. ఉన్న వృత్తం వైశాల్యం అడిగారు. ఏడు కనబడగానే ఏ పిల్లవాడైనా 22/7 తీసుకుంటాడు, 154 వస్తుంది. మీ యాప్‌కు 153.86 మాత్రమే ఒప్పు. పై (π) విలువ 3.14 తీసుకోవాలని ప్రశ్నలో ఎక్కడా లేదు. ఎకరంలో 40 సెంట్లు ఎన్నో వంతు అంటే మా కౌలు రైతుల పిల్లలు 40/100 అని వెంటనే చెబుతారు. దాన్నీ ఒప్పుకోదు, 2/5 అనే రాయాలి. సూక్ష్మ రూపంలో రాయమని అడిగితే నాకు అభ్యంతరం ఉండేది కాదు. అడగలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. 1/2కు 1/3 కలపమన్న లెక్క. ఒక అమ్మాయి 2/5 అని రాసింది. లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేసింది. లెక్కలు చెప్పే ప్రతివాళ్లకూ ఈ తప్పు తెలుసు. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా అమ్మా అని అడిగితే చాలు, తనే దిద్దుకుంటుంది. అదే లెక్కకు ఒక అబ్బాయి 10/12 అని రాశాడు. హారాన్ని 12 చేసుకుని, ఒక్కో మెట్టూ సరిగ్గా చేశాడు. 10/12 అన్నా 5/6 అన్నా ఒకటే. మీ యాప్ ఇద్దరికీ ఒకే ఎర్ర గుర్తు వేసి, ఒకే వీడియో మొదటి నుంచి చూపించింది. ఉపాధ్యాయుల పనంతా ఆ రెండు జవాబుల మధ్య తేడా పట్టుకోవడంలోనే ఉంది. ఆ తేడా చూడలేని యాప్ పిల్లల స్థాయిని ఎలా నిర్ణయిస్తుంది?

కానీ నిర్ణయిస్తోంది. ఆ అబ్బాయి ఇంటికి "మీ విద్యార్థి భిన్నాలలో వెనుకబడి ఉన్నాడు" అని మెసేజ్ వెళ్లింది. కొబ్బరి పీచు పనికి వెళ్లే వాళ్లమ్మ ఆ పూట కూలి మానుకుని బడికి వచ్చింది. "టీచర్ గారూ, మావోణ్ణి ట్యూషన్‌లో వెయ్యమంటారా?" అని అడిగింది. నేను నోటుబుక్కు తెరిచి, వాడు చేసింది కరెక్టే అని చూపించాను. ఆవిడ నా మాట నమ్మింది గానీ, వాడు మాత్రం ఇప్పుడు ఏ లెక్క చేసినా ముందు నా మొహం వైపు చూస్తున్నాడు.

త్రిభుజాల పాఠంలోనూ ఒక లోపం ఉంది. శీర్షాన్ని వేలితో లాగితే కోణాలు మారుతూ కనబడటం నిజంగా మంచి ఏర్పాటు, నల్లబల్ల మీద నేను చూపించలేనిది. అయితే కోణాలను మీరు పూర్ణ సంఖ్యలకు సవరించి చూపిస్తున్నారు. 50.4, 60.4, 69.2 డిగ్రీలు ఉన్నచోట తెర మీద 50, 60, 69 పడుతోంది. పిల్లలు కూడితే 179 వచ్చింది. మొత్తం 180 అని నేను చెబుతుంటే తెర మీద ఇంకోలా ఉంది. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన జియోజీబ్రా అనే గణితం సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో ఎన్ని దశాంశ స్థానాలు కనబడాలో మేమే ఎంచుకోవచ్చు. డబ్బు తీసుకునే మీరు ఆ మాత్రం వీలు ఇవ్వలేరా?

వరదల మాట కూడా చెప్పాలి. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ వరద నీరు తగిలితే, నది మధ్య ఉన్న లంక గ్రామాల పిల్లలు పడవల మీద రావాలి, కొన్ని రోజులు అసలు రాలేరు. కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు. నెట్ లేకపోయినా యాప్ పనిచేస్తుందనీ, నెట్ వచ్చాక మార్కులు వాటంతటవే చేరతాయనీ మీ ప్రతినిధి మా హెడ్‌మాస్టారి ఎదుట చెప్పారు. ఆ మాట మీద ట్యాబ్‌లు చార్జింగ్ పెట్టి ఇళ్లకు పంపాం. పిల్లలు చేసిన లెక్కలు ఒక్కటీ చేరలేదు. రిపోర్టులో "ప్రాక్టీస్ చేయలేదు" అని పడింది.

నాకు కావలసినవి ఇవి. జవాబును విలువ ప్రకారం దిద్దాలి. 10/12, 5/6 రెండూ ఒప్పే. సూక్ష్మ రూపమే కావాలంటే, పై విలువ ఫలానాదే కావాలంటే ప్రశ్నలోనే రాయండి. పిల్లలు వేసిన మెట్లు నాకు కనబడాలి, యాప్ తప్పుగా దిద్దినచోట మార్కు మార్చే వీలు టీచరుకు ఉండాలి. టీచరు చూడకుండా తల్లిదండ్రులకు ఏ మెసేజూ వెళ్లకూడదు. ఇప్పటికే వెళ్లినవి పొరపాటున వచ్చాయని ఆ ఇళ్లకు మీరే తెలుగులో రాసి పంపాలి. ఈ చివరిదాన్ని మాత్రం ముందుగా చేయండి, దానికి యాప్ మార్చాల్సిన పని కూడా లేదు.

దసరా సెలవులు ముగిసేలోగా ఇవి జరగకపోతే మిగిలిన నెలల ఫీజును పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాకు వాపసు చేయండి. అదీ చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని సంఘం వాళ్లూ, మేమూ నిర్ణయించుకున్నాం. తప్పుగా దిద్దిన లెక్కల స్క్రీన్‌షాట్లు, పిల్లల నోటుబుక్కుల పేజీల ఫొటోలు, మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబులు ఈ లేఖకు జతచేస్తున్నాను. ఫోన్ వద్దు, జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
గణితం ఉపాధ్యాయిని

జతపరచినవి: స్క్రీన్‌షాట్లు, నోటుబుక్కు పేజీలు, ఫీజు రసీదు